మూడో పెట్టె వాళ్ళు

చెన్నపట్నానికి దక్షిణపు గుమ్మం తాంబరం. బీచి స్టేషను నుంచి ఇక్కడికి సుమారు 29 కిలోమీటర్లు. 1931లో ఈ దారిలో విద్యుత్ రైళ్ళు వచ్చాక, పట్నంలో కొలువు, పొలిమేరలో కాపురం సామాన్యుడికి సులువైంది. దక్షిణ జిల్లాల బండ్లు అనేకం ఇక్కడ ఆగుతాయి. దిగినవాళ్ళు లోకల్ బండికో, బస్సుకో పరుగెడతారు.

మా నాన్నగారు ఇరవై ఏళ్ళు ఇక్కణ్ణుంచి బీచికి సీజను టిక్కెట్టు మీద తిరిగారు. అప్పటివి మీటరుగేజి బండ్లు, 2004లో ఆగిపోయాయి. సాయంత్రం బండి కూత వినగానే అమ్మ ఎసట్లో బియ్యం పోసేది.

ఒకనాడు అన్నం చల్లారిపోయింది గాని నాన్నగారు రాలేదు. రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు మనుషులు ఆయనను ఆటోలో తీసుకువచ్చారు. బండిలో సొమ్మసిల్లితే గిండీలో దింపి, డాక్టరుకు చూపించారట.

"మీ పేర్లేమిటి నాయనా?" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"మూడో పెట్టె వాళ్ళమమ్మా!" అన్నారు, వచ్చీరాని తెలుగులో.

పదేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నా నాన్నగారికీ వాళ్ళ పేర్లు తెలియవు!

ఇప్పుడు నేనూ అదే దారిలో కాలేజీకి వెళుతున్నాను. నిన్న ఎదుటి సీటాయనను మొదటిసారి పేరడిగాను.