చిల్గోజా: కొనడం ఒక ఎత్తు, దాచడం మరో ఎత్తు

కోల్‌కతా న్యూమార్కెట్ డ్రైఫ్రూట్ దుకాణాల్లో బాదం, జీడిపప్పుల మధ్య సన్నగా, పొడుగ్గా కనిపించే ఖరీదైన గింజ చిల్గోజా. హిమాచల్‌లోని కిన్నౌర్‌లో, అఫ్గాన్ కొండల్లో పెరిగే పైన్ చెట్టుది. కాయలన్నీ కోసేయడంతో అక్కడ కొత్త మొక్కలు మొలవడం తగ్గింది.

ఇందులో నూనె ఎక్కువ. కోల్‌కతా ఉక్కలో బయట ఉంచితే త్వరగా ముక్కిపోతుంది. బిగుతు మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. పొట్టు తీసిన పప్పును నూనె వేయకుండా సన్నసెగపై వేయించి, రంగు మారగానే వేరే గిన్నెలోకి తీయాలి. మూకుడు వేడికే మాడిపోతుంది. పులిహోరలో వేయడం దండగ, చింతపండు ముందు ఈ రుచి నిలవదు. పెరుగన్నంలో, పాయసంలో బాగుంటుంది.

3,636 మీటర్ల సందక్‌ఫూకు ట్రెకింగ్ వెళ్లేవారికి బరువే సమస్య. 100 గ్రాముల పప్పులో 600 కేలరీలకు పైనే ఉంటాయి. ఇంట్లోనే వేయించి తీసుకెళ్తే, ఉప్మా దించేముందు గుప్పెడు చల్లుకోవచ్చు.