మిషన్‌ను మోసం చేసే గరగర



మన నార్కట్‌పల్లి పొలాల్లో బోరు మోటారు స్టార్టర్ నొక్కగానే పక్కనున్న మీడియం వేవ్ రేడియో ఒక్కసారి గరగరమంటుంది. స్టార్టర్‌లో లేచిన నిప్పురవ్వ గాలిలోకి, తీగల్లోకి పంపే అలజడి అది. దీనినే విద్యుత్ నాయిస్ అంటారు.

రేడియోకైతే గరగరతో సరి. కంప్యూటర్‌తో నడిచే సి.ఎన్.సి. మిషన్ మాత్రం ఈ అలజడిని నిజమైన సంకేతమనుకుంటుంది. ఎవరూ తాకకుండానే లిమిట్ స్విచ్ నొక్కినట్టు భావించి పని మధ్యలో ఆగిపోతుంది. తిట్లు మాత్రం ఆపరేటర్‌కు!

కారణం కనిపెట్టాలంటే ముందు స్పిండిల్ మోటారు ఆపి, మిషన్‌ను ఖాళీగా కదిలించి చూడాలి. తప్పు రాకపోతే ఆ మోటారునూ, దానిని నడిపే డ్రైవ్‌నూ అనుమానించాలి. తర్వాత మెయిన్ ఆపి, సిగ్నల్ తీగలను మోటారు కేబుల్‌కు దూరంగా జరపాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి. సిగ్నల్‌కు మెలిపెట్టిన జంట తీగలున్న షీల్డ్ కేబుల్ వాడి, ఆ షీల్డ్‌ను సాధారణంగా కంట్రోలర్ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేస్తే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

ఒక్క హెచ్చరిక: నాయిస్ పోతుందని మిషన్ ఎర్త్ తీగను ఎన్నడూ తీయకండి. షాకు నుంచి ప్రాణం కాపాడేది అదే. రేపు ఐ.టి.ఐ. చదివి హైదరాబాదు బాలానగర్ షెడ్లలో మిషన్ ముందు నిలబడే మిత్రులకు ఇది గుర్తుంటే చాలు.