పరపతికి అంకెలు

"పరపతి" అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. నలుగురిలో మనిషికి ఉండే పలుకుబడి ఒకటి, అప్పు పుట్టే శక్తి రెండవది. సహకార పరపతి సంఘం అన్నప్పుడు మనము రెండవ అర్థంలో వాడుతున్నాము. నిజానికి ఈ రెండింటికీ మూలం ఒక్కటే. నలుగురూ నమ్మినవానికే అప్పు పుడుతుంది. ఊళ్ళో ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలుసుకోవడానికి పట్టికలు అక్కరలేదు. ఎవరి తూకం సరిగా ఉంటుందో, ఎవరి సలహా పనికివస్తుందో ఏళ్ళ తరబడి చూసినవారికి తెలుసు.

కాని ఒకరి మొగం ఒకరు ఎరుగని లక్షల మంది ఒకచోట చేరి ప్రశ్నలు వేసుకొంటూ, జవాబులు చెప్పుకొంటూ ఉంటే ఎవరిని నమ్మాలి? ఇంటర్నెట్టులోని చర్చావేదికలకు ఎదురైన చిక్కు ఇదే. పరపతికి అంకెలు వెయ్యడం వారు కనిపెట్టిన ఉపాయం. మన విద్యార్థులు సందేహం వస్తే పుస్తకం కంటె ముందు తెరను చూస్తున్న ఈ రోజులలో, ఆ అంకెలు ఎట్లా పుడతాయో, దేనిని కొలుస్తాయో, దేనిని కొలవలేవో తెలుసుకోవడం అవసరం.

ఖాతా నడిచే తీరు

ఉదాహరణకు స్టాక్ ఓవర్‌ఫ్లో అనే వేదికను తీసుకొందాము. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు సందేహాలు తీర్చుకోవడానికి జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనే ఇద్దరు 2008లో దీనిని ప్రారంభించారు. కొత్తగా చేరినవారి ఖాతాలో 1 పాయింటు ఉంటుంది. వారు వ్రాసిన జవాబు బాగున్నదని ఒకరు ఓటు వేస్తే 10 పాయింట్లు కలుస్తాయి. ప్రశ్న అడిగినవారు "నాకు పనికివచ్చిన జవాబు ఇదే" అని గుర్తు పెడితే 15 కలుస్తాయి. జవాబు పనికిరాదని ఒకరు ప్రతికూలంగా ఓటు వేస్తే 2 తగ్గుతాయి. ఒకరోజున ఒకరికి 12 అనుకూలమైన ఓట్లు, 2 ప్రతికూలమైన ఓట్లు వచ్చి, ఒక జవాబుకు గుర్తు కూడా పడిందనుకొందాము. అప్పుడు ఆ రోజు లాభం 120 − 4 + 15, అంటే 131 పాయింట్లు.

ఈ అంకెల వెనుక మనిషి స్వభావాన్ని గురించిన ఆలోచన ఉన్నది. మెచ్చుకోలుకు 10, నిందకు 2 మాత్రమే ఎందుకు? ఒక తప్పు చేసినంత మాత్రాన కొత్తవారు బెదిరి వెళ్ళిపోకూడదు. ఇంకొక నియమం మరీ విచిత్రమైనది. ఒకరి జవాబుకు ప్రతికూలంగా ఓటు వేసినవారి ఖాతాలో నుంచి కూడా 1 పాయింటు పోతుంది. ఇతరులను ఊరికే దెబ్బ తీయాలనుకొనేవారు ఆ పనికి తమ సొమ్మే చెల్లించుకోవాలన్నమాట. ఓట్ల వల్ల ఒక రోజులో 200 పాయింట్లకు మించి రావు. ఒక జవాబుకు అదృష్టవశాత్తు ఒకే రోజున 30 అనుకూలమైన ఓట్లు పడినా 300 రావు, 200 దగ్గర ఆగిపోతాయి. పరపతి మెల్లగా కూడవలసినదే గాని ఒక్క పూటలో పుట్టేది కాదని దీని భావం.

పాయింట్లతో పాటు అధికారమూ వస్తుంది. ఈ వేదికలో ఎన్నో ఏళ్ళు అమలులో ఉన్న పట్టిక ప్రకారం అనుకూలంగా ఓటు వెయ్యడానికి 15, ప్రతికూలంగా ఓటు వెయ్యడానికి 125, ఇతరులు వ్రాసినదానిని నేరుగా సరిదిద్దడానికి 2,000 పాయింట్లు కావలసి ఉండేవి. పాయింట్లను ఖర్చు కూడా పెట్టవచ్చు. జవాబు దొరకని ప్రశ్న ఉంటే, మన ఖాతాలో నుంచి కనీసం 50 పాయింట్లు తీసి దానికి బహుమానంగా ప్రకటించవచ్చు. సరియైన జవాబు రాకపోయినా ఆ పాయింట్లు తిరిగి రావు. పలుకుబడి, అప్పు పుట్టే శక్తి అని మనము చెప్పుకొన్న రెండు అర్థాలూ ఇక్కడ ఒకే ఖాతాలో కలుస్తున్నాయి.

మూడు ఓట్లా, నూరు ఓట్లా?

ఇంతవరకు మనిషి ఖాతాను చూశాము. ఆ ఖాతా నిండడానికి మూలం ఒక్కొక్క జవాబుకు వచ్చే ఓట్లు. ఓట్లను బట్టి ఏది మేలో నిర్ణయించడం కనిపించినంత తేలిక కాదు.

మొదటి జవాబుకు 3 ఓట్లు వచ్చాయి, మూడూ అనుకూలమే. రెండవదానికి 100 ఓట్లు వచ్చాయి, అందులో 90 అనుకూలం, 10 ప్రతికూలం. శాతం చూస్తే మొదటిది నూటికి నూరు, రెండవది నూటికి తొంభై. అయినా మొదటిదే మేలని అనడానికి మనకు మనసొప్పదు. ముగ్గురి మాట మీద ఎంత నమ్మకం పెట్టగలము?

ఈ సందేహానికి గణాంకశాస్త్రంలో జవాబు ఉన్నది. ఓటు వేసినవారు మొత్తం పాఠకులలో ఒక నమూనా మాత్రమే. పాఠకులందరూ ఓటు వేస్తే అనుకూలించేవారి నిష్పత్తి కనీసం ఎంత ఉండవచ్చునని నమ్మవచ్చు? ఈ కింది హద్దును లెక్క కట్టే సూత్రాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ విల్సన్ 1927లో ప్రచురించాడు. ఓట్లన్నీ అనుకూలమే అయితే ఆ సూత్రం చాలా తేలిక అవుతుంది. నూటికి 95 పాళ్ళ విశ్వాసస్థాయి కావాలంటే, ఓట్ల సంఖ్యకు 3.84 కలిపి, ఆ మొత్తంతో ఓట్ల సంఖ్యను భాగించాలి. 3ను 6.84తో భాగిస్తే 0.44 వస్తుంది. ఒక్కటే ఓటయితే 0.21, నూటికి నూరు ఓట్లూ అనుకూలమైతే 0.96. పూర్తి సూత్రం ప్రకారం 90 అనుకూలం, 10 ప్రతికూలం అయిన జవాబుకు 0.83 వస్తుంది. కాబట్టి రెండవ జవాబే పైకి పోవాలి. 2005లో వెలసిన రెడిట్ అనే వేదిక, వ్యాఖ్యలను వరుసలో పెట్టడానికి 2009లో విల్సన్ పద్ధతిని చేర్చుకొన్నది.

మొదటి ఓటు మహిమ

అయితే ఈ లెక్క అంతా ఒక ఊహ మీద నిలిచి ఉన్నది. ఓటు వేసే ప్రతివారూ ఇతరులతో సంబంధం లేకుండా, తమ బుద్ధితో తామే తీర్పు చెబుతున్నారని ఆ ఊహ. ఇది నిజమా? లెవ్ మూచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ అనే పరిశోధకులు దీనిని ప్రయోగం చేసి చూశారు. వార్తల మీద చర్చ జరిగే ఒక వేదికలో అయిదు నెలలపాటు వచ్చిన 1,01,281 వ్యాఖ్యలను వారు తీసుకొన్నారు. యాదృచ్ఛికంగా ఎంచిన కొన్నింటికి, అవి వెలువడగానే, ఒక అనుకూలమైన ఓటు తామే వేశారు. మరికొన్నింటికి ఒక ప్రతికూలమైన ఓటు వేశారు. మిగిలినవాటిని ముట్టుకోలేదు.

ఫలితాలు 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. దొంగ అనుకూలపు ఓటు పడిన వ్యాఖ్యను, ఆ తరువాత మొదట చూసినవారు తామూ మెచ్చుకొనే అవకాశం 32 శాతం పెరిగింది. చివరకు అట్టి వ్యాఖ్యల మార్కులు సగటున 25 శాతం ఎక్కువ అయినాయి. ప్రతికూలపు ఓటు పడినవాటి విషయంలో మాత్రం ఇతరులు పూనుకొని ఆ అన్యాయాన్ని సరిదిద్దారు. మనుషులు అకారణమైన నిందను గుర్తించి దిద్దగలిగారు గాని, అకారణమైన మెప్పును గుర్తించలేకపోయారు.

పాయింట్ల కోసమే పాయింట్లు

కొలత బహుమతిగా మారినప్పుడు కొలత చెడుతుంది. తేలికైన ప్రశ్న అందరికీ అర్థమవుతుంది కాబట్టి దాని జవాబుకు ఓట్లు ఎక్కువ వస్తాయి. కఠినమైన ప్రశ్నకు రోజంతా శ్రమపడి వ్రాసిన జవాబును చదివేవారే తక్కువ. తొందరగా వ్రాసినవారు తొలి ఓట్లు దక్కించుకొంటారు. తొలి ఓట్లు మరికొన్ని ఓట్లను పిలుస్తాయి. 1997లో మొదలైన స్లాష్‌డాట్ వేదికలో జనం పరపతి అంకెను ఆటలో గెలుపులాగా చూడడం ఎక్కువ కాగా, నిర్వాహకులు అంకెను దాచి, దాని స్థానంలో మాటలు మాత్రమే చూపించడం మొదలుపెట్టారు.

కాలం కూడా పాయింట్లను మోసం చేస్తుంది. పదేళ్ళ కిందట సరియైన జవాబు నేడు పనికిరాకపోవచ్చు. కాని దాని ఓట్లు తరిగిపోవు. అందుచేత స్టాక్ ఓవర్‌ఫ్లో 2022లో ఇటీవలి ఓట్లకు ఎక్కువ విలువ ఇచ్చే వరుసను కూడా ఏర్పాటు చేసింది. అదే ఏడాది డిసెంబరులో, చాట్‌జీపీటీ అనే యంత్రం వ్రాసిన జవాబులను ఆ వేదికలో పెట్టరాదని నిషేధించారు. ఆ జవాబులు చూడడానికి నిండుగా ఉంటున్నాయి, తప్పులు మాత్రం చాలా ఉంటున్నాయి, పరీక్షించి ఓటు వేసేవారి శక్తికి మించి వచ్చి పడుతున్నాయి అన్నది వారు చెప్పిన కారణం. పరపతి ఖాతా అంతా ఓపికగా చదివి తీర్పు చెప్పేవారి మీద ఆధారపడి ఉన్నదని అప్పుడు తేటతెల్లమయింది.

కాబట్టి పాయింట్లు పనికిరానివని అనుకోరాదు. వెయ్యి జవాబులలో దేనిని ముందు చదవాలో అవి చెబుతాయి. ఆ జవాబు నిజమో కాదో చెప్పవు. విద్యార్థి ఒక జవాబును తెచ్చి చూపినప్పుడు ఎంతమంది ఓటు వేశారు, ఎప్పుడు వేశారు, దానిని నీవు చేసి చూశావా అని ఉపాధ్యాయుడు అడగాలి.

తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. ఒక ప్రశ్నకు నలుగురు విద్యార్థుల చేత జవాబులు వ్రాయించి, పేర్లు లేకుండా చదివి వినిపించండి. ముందు అందరి చేత చీటీల మీద రహస్యంగా ఓటు వేయించి, ఆ చీటీలను విప్పకుండా ఉంచండి. తరువాత ఒకరి తరువాత ఒకరు చేయి ఎత్తి ఓటు వేయాలని చెప్పండి. అప్పుడు చీటీలు విప్పి, రెండు లెక్కలను నల్లబల్ల మీద పక్కపక్కన వ్రాయండి. వాటిలో తేడా వస్తే, అది ఎక్కడినుంచి వచ్చిందో విద్యార్థులనే చెప్పమనండి.