వరుస నియమాలను చదువుట ఎట్లు?

అమెరికాలో న్యాయకళాశాలల ప్రవేశానికి 1948లో మొదలైన పరీక్షకు ఎల్‌శాట్ అని పేరు. కొందరు వ్యక్తులను ఇచ్చిన నియమాల ప్రకారం వరుసలో నిలిపే లెక్కలు అందులో చాలాకాలం ఉండేవి. 2024 ఆగస్టు నుండి వాటిని తొలగించారు. మన బ్యాంకు ఉద్యోగాల పరీక్షలలో మాత్రం అటువంటివి నేటికీ వస్తున్నవి. వీటిలో విద్యార్థి పొరపడేది గణితంలో కాదు, వాక్యాన్ని చదవటంలో.

కమల, గోపి, రాము, సీత, వాసు ఒకరి తరువాత ఒకరు ఉపన్యసించవలెననుకొందాము. నియమాలేవీ లేనిచో 120 వరుసలు సాధ్యము. ఇప్పుడు మూడు నియమాలు పెట్టుదాము. కమల గోపికంటె ముందు మాట్లాడవలెను. రాము, సీతల మధ్య సరిగా ఇద్దరు ఉండవలెను. వాసు మొదట మాట్లాడినచో సీత చివర మాట్లాడవలెను.

"ముందు" అనగా "వెనువెంటనే ముందు" అని కాదు. కమల మొదట, గోపి నాలుగవ స్థానంలో ఉన్నను నియమభంగం లేదు. తేలేదల్లా కమల చివర రాదనీ, గోపి మొదట రాడనీ మాత్రమే. వరుసలు సగమై 60 మిగులును. (తెలుగులో "ముందు" కొంచెం జారుడు మాట. "ముందు జరిగినది" అంటాము, "ముందు జరగబోయేది" అనీ అంటాము. కాగితంపై ఎడమనుండి కుడికి అయిదు గడులు గీసికొనుట మేలు.)

పంచమికీ అష్టమికీ మధ్య ఉన్నవి షష్ఠి, సప్తమి, రెండే తిథులు. కాని పంచమినుండి లెక్కించిన అష్టమి మూడవ రోజు. అట్లే రాము, సీతల స్థానాల భేదము 3; అవి 1, 4 కావలెను, లేదా 2, 5 కావలెను. ఇద్దరిలో ఎవరు ముందో నియమం చెప్పలేదు గనుక రెండు విధాలా చూడవలెను. ఇప్పటికి 12 వరుసలు.

మూడవదే అసలు చిక్కు. వాన కురిస్తే వాకిలి తడుస్తుంది. వాకిలి తడిసినదని వాన కురిసినదనరాదు. ఎవరో కళ్ళాపి చల్లియుండవచ్చును. అట్లే సీత చివర ఉన్నంతమాత్రాన వాసు మొదట ఉండనక్కరలేదు. అయితే వాకిలి పొడిగా ఉన్నచో వాన లేనట్లే. అనగా సీత చివర లేనిచో వాసు మొదట ఉండడు. ఈ నియమం కొట్టివేసేది ఒక్క వరుసనే: వాసు, సీత, కమల, గోపి, రాము. మిగిలినవి 11.

"ముందు"ను "వెనువెంటనే ముందు"గా చదివినవానికి ఈ 11లో మూడే కనబడును. మూడవ నియమాన్ని తిరగవేసి చదివినవానికి తొమ్మిది. వాసు నాలుగవవాడుగా మాట్లాడవచ్చునా అని అడిగినచో మొదటివాడు వీలులేదనును. కమల, రాము, గోపి, వాసు, సీత అనే వరుసలో మూడు నియమాలూ చెల్లుచునే ఉన్నవి.