ఫోన్ మోగితే లేచే కంప్యూటర్

1978 ఫిబ్రవరి. చికాగోలో ఒక ఇంట్లో ఫోన్ మోగుతుంది. తీయడానికి ఎవరూ లేవరు. ఆ మోతకు పక్కనున్న కంప్యూటరే మేలుకుంటుంది. ఫ్లాపీ డిస్క్ తిరుగుతుంది, ప్రోగ్రాం మెమరీలోకి ఎక్కుతుంది. అవతల టెర్మినల్ ముందు కూర్చున్న మనిషికి తెరమీద అక్షరాలు వరుసగా రావడం మొదలవుతుంది. అంతకుముందు నలుగురు రాసిపెట్టిన కబుర్లు చదువుకుంటాడు, తనవీ రెండు ముక్కలు రాస్తాడు, ఫోన్ పెట్టేస్తాడు. ఆయన పెట్టేస్తేనే ఇంకొకరికి లైను దొరుకుతుంది. ఉన్నది ఒకటే లైను మరి!

ఫోన్ చేసి వాడుకునే బులెటిన్ బోర్డుల్లో ఇదే మొదటిది. పేరు సీబీబీఎస్. అంతకు అయిదేళ్ల ముందే, 1973లో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ‘కమ్యూనిటీ మెమరీ’ అని ఒకటి నడిచింది. కానీ అక్కడ జనం టెర్మినల్ పెట్టిన చోటికి వెళ్లి రాయాలి. ఇంట్లో కూర్చుని, ఫోన్ కలిపి, ముక్కూమొహం తెలియని వాళ్లతో రాతలో మాట్లాడుకునే వీలు చికాగోలోనే మొదలైంది. దాని ప్రోగ్రాం రాసినాయన వార్డ్ క్రిస్టెన్సెన్, మెషీన్ తయారుచేసినాయన రాండీ సూస్.

క్రిస్టెన్సెన్ 1945లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టారు. 1968లో ఐబీఎంలో చేరి, 2012లో రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశారు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఇంట్లో సొంత కంప్యూటర్. అప్పట్లో ఇంట్లో కంప్యూటర్ ఉండటమంటే చాలావరకు దాన్ని మనమే విడిభాగాలు కొని, సోల్డరింగ్ చేసి కట్టుకోవడమే. అలాంటి ఇష్టం ఉన్నవాళ్లు చికాగోలో ఒక క్లబ్బు పెట్టుకున్నారు. సూస్‌తో పరిచయం అక్కడే. క్లబ్బు సమావేశాల్లో గోడకు ఒక బోర్డు ఉండేది. ఎవరికేం కావాలన్నా చిన్న కార్డుమీద రాసి దానికి గుచ్చేవారు. సీబీబీఎస్‌కు నమూనా ఆ బోర్డే.

1978 జనవరిలో చికాగోను మంచు తుపాను కమ్మేసింది. క్రిస్టెన్సెన్ ఇల్లు కదల్లేక సూస్‌కు ఫోన్ చేశారు. క్లబ్బు సభ్యులు ఫోన్‌లోనే వార్తలూ వ్యాసాలూ పంపుకునేలా ఏదైనా చేద్దామన్నది ఆయన ఆలోచన. సూస్ వెంటనే ఒప్పుకున్నారు, కానీ క్లబ్బును ఇందులోకి లాగొద్దన్నారు. కమిటీల చేతిలో పడితే పని తెమలదని ఆయన భయం. హార్డ్‌వేర్ నాది, సాఫ్ట్‌వేర్ నీది అని పంచుకున్నారు. నిజానికి రెండు వారాల్లోనే పని పూర్తయిందట. అంత త్వరగా అయిందంటే ఎవరూ నమ్మరని, నెల పట్టినట్టు చెప్పుకున్నామని క్రిస్టెన్సెన్ తర్వాతి కాలంలో చెప్పారు. అందుకే లెక్కల్లో ప్రారంభ తేదీ ఫిబ్రవరి 16 అని ఉంటుంది. మెషీన్‌ను చికాగో నగరంలోనే ఉన్న సూస్ ఇంట్లో పెట్టారు. నగరంలో వాళ్లకు అది లోకల్ కాల్ అవుతుంది, చార్జీ తక్కువ.

ఆ నవంబరులో ‘బైట్’ పత్రికలో ఇద్దరూ కలిసి తాము చేసిందంతా వివరంగా రాశారు. దాచుకున్నదేమీ లేదు. కొన్నేళ్లలో ఊరూరా ఇలాంటి బోర్డులు వెలిశాయి.

అయితే క్రిస్టెన్సెన్ చేసిన పనుల్లో అసలైన గొప్పది సీబీబీఎస్ కన్నా ముందే, 1977లో, వచ్చింది. ఫోన్ లైన్లో ఫైళ్లు పంపుకోవడానికి, ఎక్స్‌మోడెమ్ అన్న పేరుతో ప్రపంచానికి తెలిసిన పద్ధతి అది. అప్పట్లో లైన్లో చిన్న గరగర వస్తే చాలు, దిగుమతి అవుతున్న ఫైలు పాడయ్యేది. కబురులో ఒక అక్షరం పోతే అర్థం చేసుకోవచ్చు. ప్రోగ్రాంలో ఒక్క బైట్ మారితే మొత్తం పనికిరాకుండా పోవచ్చు.

క్రిస్టెన్సెన్ దీనికి కనిపెట్టిన ఉపాయం ఎంత చిన్నదో చూడండి. ఫైలును 128 బైట్ల ముక్కలుగా కోస్తారు. సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఆనాటి మెషీన్లలో ఫ్లాపీ డిస్కుమీద ఒక సెక్టార్ కొలత సరిగ్గా అంతే. ప్రతి ముక్కకూ ముందు ఒక గుర్తు, ఆ తర్వాత ముక్క నంబరు, దాని వెంటనే 255లోంచి ఆ నంబరు తీసేస్తే వచ్చే సంఖ్య. ఈ రెండూ కలిపితే 255 రాకపోతే నంబరే చెడిందని అర్థం. తర్వాత 128 బైట్ల సరుకు. చివర్న ఆ బైట్లన్నీ కూడగా వచ్చిన మొత్తంలో ఒక బైట్‌లో పట్టినంత భాగం. అందుకున్న కంప్యూటర్ తానూ కూడి చూసుకుంటుంది. లెక్క కుదిరితే ‘అందింది’ అని ఒక బైట్ పంపుతుంది, కుదరకపోతే ‘మళ్లీ పంపు’ అని ఇంకో బైట్. రైసుమిల్లు దగ్గర గుమాస్తా చీటీతో సరిచూసుకున్నాకే బస్తాను లారీ ఎక్కనిచ్చినట్టు, ఒక ముక్క సరిగా చేరందే రెండోది కదలదు.

కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే అప్పటి మోడెమ్ సెకనుకు 300 బిట్లు పంపేది, అంటే సుమారు 30 అక్షరాలు. ఒక ముక్క, దానికి తగిలించిన గుర్తులతో కలిపి, 132 బైట్లు. నాలుగున్నర సెకన్లు. 16 కిలోబైట్ల ఫైలు రావడానికి తొమ్మిది నిమిషాల పైమాటే. ఇందులో లోపాలున్నాయి. బైట్లను కూడి చూడటం అన్ని తప్పులనూ పట్టుకోలేదు, ప్రతి ముక్కకూ జవాబు కోసం ఆగడం వల్ల టైం వృథా. తర్వాతి వాళ్లు వీటిని సరిచేశారు, 1986లో వచ్చిన జెడ్‌మోడెమ్ వేగంలో దీన్ని దాటేసింది. కానీ అందరూ మొదట అందిపుచ్చుకున్నది దీన్నే. కారణం తేలిక. ప్రోగ్రాం చిన్నది, ఏ మెషీన్‌కైనా సాయంత్రం కూర్చుని రాసుకోవచ్చు, పైగా క్రిస్టెన్సెన్ దాన్ని ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలేశారు.

బోర్డులు పెరిగేకొద్దీ కబుర్ల పక్కన ఆటలూ చేరాయి. వాటిని డోర్ గేమ్స్ అనేవారు. అంతరిక్షంలో వ్యాపారం చేసే ‘ట్రేడ్ వార్స్’ ఒకటి. సెత్ రాబిన్సన్ 1989లో రాసిన ‘లెజెండ్ ఆఫ్ ద రెడ్ డ్రాగన్’ ఇంకొకటి. బొమ్మలు లేవు, రంగు రంగుల అక్షరాలే. అడవిలోకి వెళ్లి రాక్షసులతో పోరాడాలి, బలం పెంచుకోవాలి, చివరికి డ్రాగన్‌ను చంపాలి. కాకపోతే రోజుకు ఇన్ని పోరాటాలే అని లెక్క ఉంటుంది. అవి అయిపోతే రేపు రావాల్సిందే. ఈలోగా మన పాత్ర ఆరుబయట నిద్రపోతుంటే ఇంకో ఆటగాడు వచ్చి దాడి చేయొచ్చు. సత్రంలో గది తీసుకుంటే కాస్త క్షేమం. ఒకే సమయంలో ఇద్దరు ఆడలేని లైనుమీద అందరూ కలిసి ఆడుతున్నట్టు అనిపించడానికి వేసిన ఎత్తు ఇది. నా దృష్టిలో ఆ కాలపు ప్రోగ్రామింగ్‌లో ఇంతకన్నా తెలివైన పని తక్కువ. ఇవాళ మొబైల్ గేముల్లో ‘ఎనర్జీ అయిపోయింది, రేపు రండి’ అనే పద్ధతి కూడా ఇలాంటిదే. కాకపోతే అక్కడ డబ్బు కడితే తలుపు తెరుచుకుంటుంది, ఇక్కడ అది పక్కవాడి వంతు కోసం పెట్టిన నియమం.

వెబ్ వచ్చాక, తొంభైల చివరికి, బోర్డులు చాలావరకు మూతపడ్డాయి. క్రిస్టెన్సెన్‌కు 1993లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పయనీర్ అవార్డు ఇచ్చింది. ఆ ఏడాదే అదే అవార్డు అందుకున్నవారిలో ఇంటర్నెట్‌కు పునాది వేసిన పాల్ బారన్, వింట్ సెర్ఫ్ ఉన్నారు. క్రిస్టెన్సెన్ కంపెనీ పెట్టలేదు, రిటైరయ్యేదాకా ఐబీఎం ఉద్యోగమూ మానలేదు. ముదిమిలో పిల్లలకూ పెద్దలకూ సోల్డరింగ్ నేర్పిస్తూ, చిన్న చిన్న మెరిసే బ్యాడ్జీలు చేయిస్తూ గడిపారు. సూస్ 2019 డిసెంబరులో పోయారు. క్రిస్టెన్సెన్ 2024 అక్టోబరులో, 78వ ఏట, ఇల్లినాయిలోని తన ఇంట్లో కన్నుమూశారు.

ఎక్స్‌మోడెమ్ మాత్రం ఇప్పటికీ పనిలోనే ఉంది. చెడిపోయిన రౌటర్లలోకి, చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుల్లోకి సీరియల్ తీగ మీదుగా సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి చాలాచోట్ల దాన్నే వాడుతున్నారు. మన ఇంజినీరింగ్ కాలేజీల ఎంబెడెడ్ ల్యాబుల్లో ఉన్న పిల్లలు, లైబ్రరీ తెచ్చుకోకుండా దీన్ని ఒక్కసారి సొంతంగా రాసి చూడండి. వంద లైన్లకు అటూ ఇటూగా అయిపోతుంది. తీగను మధ్యలో ఒకసారి లాగి, మళ్లీ పెట్టి, ముక్క ఎలా తిరిగి వస్తుందో గమనించండి.