నల్లరేగడిలో ఇంటి గచ్చు: క్రింద ఎంత మందము గ్రావెల్ వేయవలెను?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల రేగడి గ్రామములలో క్రొత్త ఇంటి గచ్చు రెండు మూడు వానకాలములు గడచునప్పటికి నడిమిన ఉబ్బి బీటలు వారుట రైతు సోదరులెఱిగినదే. కాంక్రీటు పలుచనైనదని తలచి మరల రెండంగుళములు మందము పెంచి వేయుదురు. అదియు పగులును. లోపము కాంక్రీటులో లేదు, దాని క్రింది మట్టిలో నున్నది.

ప్రత్తికి మేలు చేయు గుణమే ఇంటికి కీడు చేయుచున్నది. రేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్ అను బంకమన్ను తన రేకుల నడుమకు నీటిని పీల్చుకొని ఉబ్బును. ఎండిన ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. ఇల్లు కట్టిన పిమ్మట గచ్చు క్రింది నేలకు ఎండ తగలదు, తేమ ఆవిరియై పోదు. అందుచే ఏటేట నడిమిన తేమ చేరి ఆ భాగము పైకి లేచును. గోడల ప్రక్క నేల మాత్రము ఋతువును బట్టి లేచుచు దిగుచుండును.

మీ మన్ను ఎంత ఉబ్బునో ఇంటనే చూచుకొనవచ్చును. ఎండిన మన్నును మెత్తగా నూఱి, సన్నని జల్లెడ పట్టి, కొలగీతలున్న రెండు గాజు గొట్టములలో పదేసి గ్రాములు పోయవలెను. ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు నింపి, బాగుగా కలిపి, 24 గంటలు కదలింపక ఉంచవలెను. కిరసనాయిలులో మన్ను ఉబ్బదు. నీటిలోని మన్ను దానికంటె నూటికి 50 వంతులు మించి ఎక్కువ నిలిచినచో ఈ దిగువ చెప్పినది విడువరాదు.

బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టి 1970 దశకమున జరిపిన పరిశోధనలలో, ఉబ్బు గుణము లేని బంకగల మట్టిని సుమారు ఒక మీటరు మందమున గట్టిపఱచి వేసినచో క్రింది రేగడి ఉబ్బు చాలవరకు అణగునని తేలినది. కావున మూడడుగుల రేగడిని తీసివేసి ఎఱ్ఱ గ్రావెల్ నింపుట శ్రేష్ఠము. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదికి 540 ఘనపుటడుగులు పట్టును. దిమ్మిసతో అణగును గనుక, 100 ఘనపుటడుగుల ట్రక్కుతో ఏడు తోలకములు కావలెను. తీసిన రేగడి పాఱవేయునది కాదు. చేనిలో పల్లములకు తోలుకొనుడు.

గ్రావెల్‌ను ఒక్కసారిగా కుమ్మరింపక ఆఱేసి అంగుళముల పొరలుగా పోసి, నీరు చిలికి, దిమ్మిస కొట్టవలెను. మేస్త్రీలు కొందఱు వట్టి ఇసుక చాలునందురు. ఇసుక నీటిని నిలువచేసి రేగడికి అందించును. ఈ నేలలకు అది తగదు. గ్రావెల్ దూరమైనచోట పిడుగురాళ్ళ సున్నమును తూకమున నూటికి నాలుగైదు పాళ్లు కలిపి రేగడినే దిట్టపఱచవచ్చును. ఆ పైన పాలిథిన్ పట్టా, నాలుగంగుళముల కాంక్రీటు, దానిపై నాపరాయి.

గోడల పునాది వేఱు సంగతి. అడుగున ఉబ్బెత్తుగల పైళ్లు మూడున్నర మీటర్లకు తక్కువ గాకుండ దింపవలెను. అది ఇంజనీరు చూడవలసిన పని.

ఇంటి చుట్టు నాలుగడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేసి, స్నానపు నీరు దూరముగా పోవునట్లు కాలువ తీయవలెను. పాత ఇండ్లలో గచ్చు చెమ్మగిల్లుచున్న యెడల మిరప బస్తాలను నేలపై వేయరాదు. నూటికి పది వంతుల తేమకు ఆరబెట్టిన కాయయు ఆ చెమ్మ పీల్చి బూజు పట్టును. చెక్క బల్లలపై, గోడకు అడుగు దూరమున పేర్చుడు.