మొరాయించిన డీజిల్ లారీ

బండికి కట్టిన ఎద్దు అడుగు వేయనని భీష్మించినప్పుడు మన పెద్దలు ‘మొరాయించింది’ అనేవారు. ఇప్పుడు అదే మాట యంత్రాలకూ వర్తిస్తున్నది. మలేషియాలో బాగన్ దాతు పరిసరాలలోని మన తోటల ఊళ్లలో కొబ్బరికాయలనూ పామాయిల్ గెలలనూ మోసిన పాత లారీలలో కొన్ని ఇంకా కొట్టాల కింద నిలిచి ఉన్నాయి. ఏడాదిపాటు కదలని లారీ మొరాయించగానే ఇంజను పోయిందనుకొని, తాతగారు నడిపిన బండిని తుక్కుకు అమ్మివేసేవారున్నారు. తరచుగా పోయినది ఇంజను కాదు. ఇంధనపు దారిలో గాలి చొరబడినది, అంతే.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు ఇరవయ్యవ వంతుకు నొక్కివేయగా అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి చిమ్మిన డీజిల్ తనంత తానే మండుతుంది. కావలసినవి వేడి, ఇంధనం. ఏది లోపించినదో పొగ చెబుతుంది. ఒకరు స్టార్టరు తిప్పుతుండగా మరొకరు పొగగొట్టాన్ని గమనించాలి. పొగ ఏమాత్రమూ రాకపోతే ఇంధనం చేరడం లేదు. తెల్లని పొగ వస్తూ ఇంజను అందుకోకపోతే, ఇంధనం చేరుతున్నది గాని చాలినంత వేడి లేదు.

స్టార్టరు తిప్పకముందే ఇంజను నూనె చూడండి. నూనె మట్టం పెరిగి డీజిల్ వాసన వేసినా, పాలవలె తెల్లబడినా అక్కడే ఆగి మెకానిక్కును పిలవాలి.

వేడి విషయంలో మొదటి అనుమానం బ్యాటరీ మీదనే. 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపాలి. స్టార్టరు తిరిగేటప్పుడు 9.6 కంటే దిగరాదు. ఇంజను నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలిలోని వేడి సిలిండరు గోడలలోకి జారిపోతుంది. గ్లో ప్లగ్గులున్న ఇంజనులో ఈథర్ స్ప్రే ఎన్నడూ కొట్టకండి. అది వేళ కాని వేళ అంటుకొని పిస్టనును పగలగొట్టగలదు.

ఇక ఇంధనం. మన పూర్వులు చెమటోడ్చిన నేలలో పండే పామాయిల్ ఇక్కడ డీజిల్‌లోనూ కలుస్తున్నది: 2019 నుండి వాహనాల డీజిల్‌లో 10 శాతం దాని నుండి తీసిన బయోడీజిలే. అది మామూలు డీజిల్ కంటే ఎక్కువ తేమను పీల్చుకుంటుంది. నిలిచిన ట్యాంకు అడుగున నీరు చేరి, సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగురు ఫిల్టరును మూసివేస్తుంది. కాబట్టి ట్యాంకు అడుగు నీటిని వదిలివేసి, కొత్త ఫిల్టరు బిగించాలి. పాత డీజిల్ పుల్లని వాసన వేస్తే దానిని వాడకండి.

తరువాత గాలిని వెళ్లగొట్టాలి. ఫిల్టరు పైనున్న గాలి మరను పానాతో కొద్దిగా వదులుచేసి, చేతి పంపును నొక్కుతూ ఉండండి. మొదట నురుగు, పిదప బుడగలు, చివరకు స్వచ్ఛమైన డీజిల్ వస్తుంది. అది కారుతుండగానే మరను బిగించాలి. పంపు ఆపిన తరువాత బిగిస్తే గాలి తిరిగి చొరబడుతుంది. ఇంజెక్షను పంపు మీది మర దగ్గరా ఇట్లే చేయాలి. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టర్ల వద్ద గొట్టాల నట్లను అర చుట్టు వదిలి స్టార్టరు తిప్పి, డీజిల్ కనబడగానే బిగించండి. చేతులు దూరంగా ఉంచాలి: ఆ ఒత్తిడిలో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం సూదిమొనంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసినదే.

స్టార్టరును ఒక్కసారికి 15 సెకన్లకు మించి తిప్పక, రెండు నిమిషాలు చల్లారనివ్వండి. తొందరపడి స్టార్టరు కాల్చుకున్నవారు చాలామంది.

ఇంజను నడిచి, మరునాటి ఉదయం మళ్లీ మొరాయిస్తే, రాత్రంతా ఎక్కడినుండో గాలి వచ్చి డీజిల్ ట్యాంకులోకి వెనుదిరిగినదని అర్థం. పంపుకు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టి చూస్తే బుడగలు కనబడతాయి. అప్పుడు ట్యాంకు వైపు నుండి వరుసగా బీటలువారిన రబ్బరు గొట్టాలనూ రాగి వాషర్లనూ మార్చుకుంటూ రావాలి.